నేను దిద్దిన పాట

నా పాటను నాకంటే బాగా పాడిన మనిషి ఒకరున్నారు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా అమ్మాయి ఏదో సినిమా పాట అందుకుంటే, "అసలు పాటకన్నా ఇదే బాగుందండీ" అని వెనక కుర్చీల్లో ఎవరో ఒకరు అంటూ ఉంటారు. పక్కవాళ్లు తలలూపుతారు. అందులో ఎవరికీ కష్టం లేదు. అసలు పాట పాడింది మనమే అయి, ఆ కుర్చీల్లో మనమూ కూర్చుని ఉంటే మాత్రం ఆ మాట వేరేగా వినపడుతుంది.

ఏలూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను తెలుగు టీచర్‌ని. అమ్మ పోయాక ఇంట్లో నేనూ మా నాన్నగారూ ఇద్దరమే. ఆయనా తెలుగు మాస్టారే. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే వరండాలో కూర్చుని రూళ్ల నోటుపుస్తకంలో దేవుడి పాటలు రాసుకునేవారు. వాటికి నేను బాణీ కట్టి ఆదివారం చర్చిలో పాడేదాన్ని. నాది మంచి గొంతని అందరూ అనేవారు, నేనూ అనుకునేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. నగలు పెట్టుకునే అలవాటు లేదు. నలుగురిలో నేను నేనని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గొంతు ఒక్కటే.

2000 దాటిన కొత్తలో మా పాస్టరు గారు ప్రోత్సహిస్తే ఎనిమిది పాటలతో ఒక కేసెట్ చేశాం. తాడేపల్లిగూడెంలో ఒక ఎరువుల దుకాణం పైన చిన్న రికార్డింగ్ గది ఉండేది. గోడలకు పాత తివాచీలు కొట్టి, కిటికీలు చెక్కలతో మూసేశారు. పాడేటప్పుడు ఫ్యాను ఆపేసేవారు. కీబోర్డు వాయించేదీ, రికార్డు చేసేదీ, టీ తెప్పించేదీ అన్నీ ఆ స్టూడియో ఆయనే. మూడు రోజులు చెమటలు కక్కుతూ పాడాను. ఎనిమిదింటిలో నాన్నగారికి ప్రాణమైన పాట ఒకటుంది. దాని పల్లవి, "తీరమే కానరాని వేళ, నీ కరమే చాలును దేవా" అని. దాన్ని కొంచెం హుషారుగా, చప్పట్లు కొట్టుకునేలా చేద్దామన్నారు స్టూడియో ఆయన. సరేనన్నాను. కేసెట్ అట్ట మీద పట్టుచీర కట్టుకున్న నా ఫొటో వేశారు. కింద చిన్న అక్షరాల్లో నాన్నగారి పేరు.

ఏడాదిన్నర తర్వాత కలిదిండి దగ్గర ఒక పల్లెలో స్త్రీల కూడికకు నన్ను పిలిచారు. ఏలూరు నుంచి కైకలూరు బస్సులో వెళ్లి, అక్కడ ఆటో ఎక్కాను. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో గట్టు, గట్టు మీద మేతబస్తాలు. చిన్న చర్చి నిండా ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. నాకు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆ ఊరి పాస్టరమ్మ గారు లేచి, "వాక్యానికి ముందు మన అమ్మాయి పాట పాడుతుందండి" అన్నారు.

లేచిన మనిషికి ముప్పై ఏళ్లుంటాయేమో. సన్నగా, నల్లగా ఉంది. వెలిసిన నీలం చీర. చేతివేళ్లు మాత్రం నానబెట్టినట్టు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కైకలూరులో రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుందట, రోజంతా చేతులు ఐసులోనే ఉంటాయట. అది తర్వాత తెలిసింది. ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"ఒడ్డే కానరాని యేళ, నీ సెయ్యే సాలు దేవా."

అది మా పాటేనని తెలియడానికి నాకు రెండు లైన్లు పట్టింది. నేను పాడినదానికి సగం వేగంలో ఉంది. శ్రుతి బాగా కింద. హుషారు లేదు, చప్పట్లు లేవు. ఒక్కో మాటా నీళ్లలో కాలు మోపి లోతు చూసుకుంటున్నట్టు వేసి, తర్వాతి మాటకు వెళుతోంది. 'నీ సెయ్యే' అన్నచోట గొంతు కొంచెం వణికి నిలబడుతోంది. రెండో చరణం అసలు మాది కాదు.

"దోనెలోకి నీళ్లొచ్చినా దోసిళ్లతో తోడేస్తా, ఎదురుగా నువు కూకుంటే ఎంత దూరవైనా ఎల్తా."

పాట అయిపోయింది. ఒక ముసలామె కళ్లు తుడుచుకుంది. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమేనని చెప్పగలిగితే ఎంత బాగుండును. ముందు సంతోషమే వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చి, దాన్ని పక్కకు నెట్టి కూర్చుంది.

బైబిల్ వాక్యం మీద ప్రసంగం అయ్యాక నన్నూ పాడమన్నారు. ఇంకో పాట ఎత్తుకోవచ్చు కదా? అదే పాడాను, అసలైనది ఎలా ఉంటుందో తెలియాలని. వాళ్లు మర్యాదగా చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర ఇందాకటి ముసలామె నా పక్కనే కూర్చుని, "మా పాట మీరూ బాగానే నేర్చుకున్నారండి" అంది. నేను నవ్వాను.

బయలుదేరే ముందు ఆ అమ్మాయిని పిలిచి అడిగాను, పాట ఎక్కడ నేర్చుకున్నావని.

"మా ఆయన కైకలూరు సంతలో కేసెట్ తెచ్చాడండి. మా ఇంట్లో కరెంటు లేదు. టేపురికార్డరు బేటరీలతో తిరిగేది. ఆ బేటరీలు అయిపోవొచ్చి టేపు మెల్లగా తిరిగేదండి. అలా ఇని ఇని నేర్చుకున్నాను."

"మరి ఆ మాటలు?"

"సరిగ్గా తెలిసేవి కాదండి. తోచినట్టు కలిపేసుకున్నాను. రెండో చరణం దగ్గర టేపు నలిగిపోయింది. అక్కడ నాదే ఏదో పాడేస్తా ఉంటానండి." అని, అప్పుడు భయంగా నా మొహంలోకి చూసింది. "తప్పేవన్నా ఉందాండి? ఆ కేసెట్ మీదేనని ఇప్పుడే చెప్పారండి పాస్టరమ్మ గారు. అట్ట మీద ఫొటోలో మీరు వేరేగా ఉన్నారండి."

"తప్పేం లేదమ్మా" అన్నాను.

ఇంటికొచ్చి నాన్నగారితో, "మన పాట కొల్లేరు దాకా వెళ్లింది నాన్నగారూ. ఒకామె మాటలు మార్చేసి పాడుతోంది" అని మాత్రం చెప్పాను. ఎలా పాడిందో చెప్పలేదు. కాని ఆయన పట్టు వదల్లేదు. ఏం మార్చింది, ఎలా మార్చింది అని నాలుగు రోజులు అడుగుతూనే ఉన్నారు. చివరకు ఆయనే ఆ ఊరి పాస్టరు గారికి ఉత్తరం రాశారు, ఆ అమ్మాయి ఏలూరు ఎప్పుడైనా వస్తే మా ఇంటికి పంపమని.

రెండు నెలలకు ఆ అమ్మాయి, ఆడపడుచును పెద్దాసుపత్రిలో చూపించడానికి వచ్చి, మా ఇంటికి వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. వరండా మెట్టు మీద కూర్చునే పాడింది. నాన్నగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. దోనె చరణం దగ్గరకొచ్చేసరికి ఆయన కింది పెదవి అదరడం చూశాను. నేను పాడినప్పుడు ఎన్నడూ అలా అదరలేదు.

"మళ్లీ ఒకసారి పాడమ్మా" అన్నారు. మళ్లీ పాడింది.

ఆమె వెళ్లిపోయాక నాన్నగారు కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. తర్వాత నాతో అన్నారు. "మాది లంక గ్రామం కదా, ఎటు వెళ్లాలన్నా దోనె ఎక్కాలి. చదువు కోసం హాస్టల్లో వేశాక మాట మారిపోయింది నాకు. మా అమ్మ ఎప్పుడూ 'సెయ్యి' అనేదమ్మా. సెయ్యి ఇలా పట్టుకోరా, దోనె ఊగుతుంది అనేది. నేను 'కరము' అని రాశాను. ఆ పిల్ల నేను రాయాల్సింది పాడింది."

"అవునండీ, బాగుంది" అన్నాను.

"నువ్వు ఆ పాట ఆ అమ్మాయి చేత రికార్డు చేయించు. ఆ చరణంతో సహా."

"అలాగే నాన్నగారూ" అన్నాను.

మరుసటేడు అవకాశం వచ్చింది. కేసెట్లు పోయి సీడీలు వస్తున్నాయి. పాత పాటలే కొత్తగా చేసి సీడీ వేద్దామన్నారు స్టూడియో ఆయన. నేను ఆ అమ్మాయికి కబురు పంపాను. షెడ్డుకు సెలవు పెట్టి, కైకలూరులో మొదటి బస్సు పట్టుకుని ఏలూరు స్టేషన్‌కు వచ్చింది. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు. ఇద్దరం పాసెంజర్లో తాడేపల్లిగూడెం వెళ్లాం. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ పెదవులు కదుపుతూనే ఉంది.

స్టూడియోలో మైకు ముందు నిలబెట్టి, "ఒకసారి ఊరికే పాడమ్మా, గొంతు చూస్తాను" అన్నారాయన. తబలా లేదు, కీబోర్డు లేదు. ఆమె కళ్లు మూసుకుని పాడింది. ఆయన మీటల మీద పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అయ్యాక నా వైపు తిరిగి మెల్లగా, "మేడమ్ గారూ, ఈ ఒక్కపాటా ఆవిడ ఒక్కరి చేతే పాడించేద్దామండీ. మ్యూజిక్ కూడా ఎక్కువొద్దు" అన్నారు.

నిజంగా నేను అందుకే తీసుకొచ్చాను ఆమెను. ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు నా మనసులో వేరే ఏమీ లేదు. కాని ఆయన ఆ మాట అనగానే నా నోట్లోంచి, "ముందు ఉచ్చారణ సరిచేద్దామండీ" అని వచ్చింది.

నేను టీచర్‌ని. ఎదుటివాళ్ల తప్పు దిద్దడం నాకు చేతనైన పని. ఆ పని పేరు మీద ఏం చేసినా ఎవరూ నన్ను తప్పు పట్టరు. ఆమె పక్కన నిలబడి చెప్పాను: "'సాలు' కాదమ్మా, 'చాలును'. నాలుక పైకి ఆనించు. చా. 'యేళ' కాదు, 'వేళ'. కింది పెదవి పై పళ్లకు ఆనాలి."

"చాలును" అంది.

"ఒడ్డు కాదు, తీరము. సెయ్యి కాదు, కరము. రాసిన మాట రాసినట్టే పాడాలి కదా. పెద్దాయన రాసింది."

"ఆయ్, అవునండి."

దోనె చరణం వద్దని, నాన్నగారు రాసిన రెండో చరణం కాగితం మీద రాసిచ్చాను. ఆమెకు కూడబలుక్కుని చదవడం వచ్చు. వేలు పెట్టి చదువుకుంది. వేగం పెంచమన్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టించి, అందులో వినపడే టిక్కుటిక్కు ప్రకారం పాడమన్నాను. గంటన్నర అలా దిద్దాను. ప్రతి మాటకూ ఆగి నా మొహం వైపు చూసేది, సరిగ్గా వచ్చిందా లేదా అని. కళ్లు మూసుకోవడం మానేసింది.

చివర్లో పాడింది. ఒక్క అక్షరం తప్పు లేదు. పాటలో ఏమీ లేదు. బడిలో పద్యం అప్పజెప్పినట్టుంది.

స్టూడియో ఆయన బతిమాలుతున్నట్టు అన్నారు. "ముందు పాడినట్టే పాడమనండి మేడమ్ గారూ."

"ఇంక టైము లేదండీ" అన్నాను. "ఇంకా ఐదు పాటలున్నాయి. ఇది నేనే పాడేస్తాను. కోరస్‌లో కలుస్తుంది లెండి."

నేను పాడాను. ఆమె నా వెనక రెండడుగుల దూరంలో నిలబడి పల్లవి చివర గొంతు కలిపింది.

తిరుగు రైల్లో ఎదురుగా కూర్చుంది. నిడదవోలు వైపు నుంచి వచ్చిన జనంతో పెట్టె కిక్కిరిసి ఉంది. నేను కిటికీలోకి చూస్తున్నాను. తనే మాట కలిపింది.

"నాకు రాదని తెలుసండి. అయినా ఎంత ఓపిగ్గా చెప్పారండి మీరు. మా ఇళ్లల్లో ఇలా ఎవురు చెబుతారండి? ఇన్నాళ్లూ అన్నీ తప్పులే పాడేసేదాన్ని. సిగ్గేస్తందండి తలుచుకుంటే."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఏలూరు రావడానికి ఇంకా చాలా టైముంది. "అలవాటవుతుందిలే" అన్నాను.

సీడీ వచ్చాక నాన్నగారు ఆ పాట పెట్టించుకుని విన్నారు. నా గొంతు మొదలవగానే తల తిప్పి, "ఆ అమ్మాయేదమ్మా?" అని అడిగారు.

"ఆమెకు మైకు ముందు రాలేదు నాన్నగారూ. కంగారు పడిపోయింది. కోరస్‌లో ఉంది."

ఆయన పాట పూర్తిగా విన్నారు. కోరస్‌లో ఆ గొంతు కోసం చెవి ఒగ్గి విన్నారు. తర్వాత, "పోనీలే" అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేను చెప్పింది నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మరుసటి ఏడే ఆయన పోయారు. జ్ఞాపకార్థ కూటానికి కబురు పెడితే ఆమె కైకలూరు నుంచి వచ్చింది. ఫొటో ముందు నిలబడి ఏడ్చింది. నేనే ఆమె దగ్గరకు వెళ్లి, "నాన్నగారికి ఇష్టమైన పాట పాడమ్మా" అన్నాను. ఆ రోజు నా మనసులో ఏ మచ్చా లేదు. ఆ పాట ఆయన కోసం ఆ గొంతులో మళ్లీ ఒకసారి వినాలనే ఉంది.

ఆమె లేచి కొంగు సర్దుకుంది. "తీరమే కానరాని వేళ, నీ కరమే చాలును దేవా" అని మొదలుపెట్టింది. హుషారుగా, నా వేగంలో, నా బాణీలో. 'చా' దగ్గర నేను చెప్పినట్టే నాలుక ఆనించింది. రెండో చరణం నేను రాసిచ్చినదే. అంతా అయ్యాక, సరిగ్గా పాడానా అన్నట్టు నా వైపు చూసింది.

అందరూ వెళ్లాక వంటింట్లో పట్టుకున్నాను ఆమెను. "మొదట్లో పాడేదానివి చూడు, దోనెలోకి నీళ్లొచ్చినా అని. అలా పాడు ఒక్కసారి."

"అదాండి!" అని నవ్వింది. "అవి తప్పులు కదండీ టీచరు గారూ. మానేశాను."

"ఫరవాలేదు, పాడు."

కాస్త ప్రయత్నించింది. 'ఒడ్డే' అని ఎత్తుకుని, వెంటనే 'తీరమే' అని సర్దుకుంది. ఇంకోసారి ఎత్తుకుంది. వేగం తగ్గించబోయి తడబడింది. "ఎలా పాడేదాన్నో గుర్తు రావట్లేదండి. మీరు నేర్పింది బాగా పట్టేసింది" అంది. ఆ మాట గర్వంగా అంది.

ఆ నెలలోనే తాడేపల్లిగూడెం వెళ్లాను. ఆ రోజు ఆమె మొదట ఊరికే పాడింది ఎక్కడైనా రికార్డయి ఉందేమోనని. స్టూడియో ఆయన కంప్యూటర్లో ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూశారు. గంటన్నర పాఠమంతా ఉంది, నా గొంతుతో సహా. 'చా' అంటున్నాను, 'చాలును' అంటున్నాను, ఆమె వెనకే అంటోంది. మొదటి పాట లేదు.

"ఆన్ చెయ్యలేదండి మేడమ్ గారూ" అన్నారాయన. "గొంతు చూద్దామని కదా పాడించాను. వింటా ఉండిపోయాను."

ఆ తర్వాత ప్రభుత్వం వాళ్లు కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. షెడ్లలో పనులు తగ్గాయి. వాళ్ల కుటుంబం ఒంగోలు వైపు రొయ్యల పనికి వెళ్లిపోయిందని ఆ ఊరి పాస్టరమ్మ గారు చెప్పారు. ఒకసారి మళ్లీ ఆ చర్చికి వెళ్లాను. ఆడవాళ్లంతా కలిసి ఆ పాట పాడారు. అందరూ 'చాలును' అనే పాడారు. వెళ్లేముందు ఆమె వాళ్లందరికీ దిద్ది నేర్పించి వెళ్లిందట. "ఏలూరు టీచరు గారు సరిచేసిన పాటండి ఇది" అన్నారు నాతో, నేను సంతోషిస్తానని.

దోనె చరణం మాటలు నాకు గుర్తున్నాయి. చాలాసార్లు ఇంట్లో ఒక్కదాన్నే పాడి చూశాను. శ్రుతి దించి, వేగం తగ్గించి, 'సెయ్యే' అని నోరారా అని చూశాను. నా నోట్లో అది వెక్కిరింతలా ఉంటుంది.

ఇంకో మూడేళ్లకు కైకలూరు బస్టాండులో ఆమె కనపడింది. ఎవరిదో పెళ్లికి వచ్చి తిరిగి వెళుతోంది. కొంచెం ఒళ్లు చేసింది. నన్ను చూడగానే సంచి కింద పెట్టి, "వందనాలండి టీచరు గారూ, బాగున్నారాండి?" అని రెండు చేతులూ పట్టుకుంది. పాడుతున్నావా అని అడిగితే, అక్కడ చర్చి పెద్దదనీ, చదువుకున్నవాళ్లు పాడతారనీ, తను చప్పట్లు కొడుతుందనీ చెప్పింది.

ఎన్నాళ్లుగానో అనుకుంటున్న మాట ఆ బెంచీ మీద కూర్చుని చెప్పేశాను. "ఆ రోజు స్టూడియోలో నీకు రాకపోవడం కాదమ్మా. నువ్వు నాకంటే బాగా పాడావు. నేను ఓర్చుకోలేకపోయాను. కావాలనే చెడగొట్టాను. మా నాన్నగారికి కూడా అబద్ధం చెప్పాను."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ వెంటనే నవ్వేసింది.

"ఊరుకోండి టీచరు గారూ. మీరేంటి, నన్ను చూసి ఓర్చుకోలేకపోడవేంటండి! నా మనసు బాగుండాలని అలా అంటన్నారు. మీరు ముందు నుంచీ అంతేనండి."

"కాదమ్మా, నిజం."

"సర్లెండి" అంది, చిన్నపిల్లను సముదాయించినట్టు నా చెయ్యి తట్టి. ఈలోపు ఆమె బస్సు కదలబోతోందని కండక్టరు కేకేశాడు. సంచి తీసుకుని పరిగెత్తింది. కిటికీ పక్కన సీటు దొరికింది. అక్కడి నుంచి చెయ్యి ఊపుతూ, "ఆరోగ్యం చూసుకోండి, బాగా చిక్కిపోయారు" అని అరిచింది. నేనూ చెయ్యి ఊపాను. బస్సు గుడివాడ రోడ్డు మలుపు తిరిగేదాకా నిలబడి, ఏలూరు బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి కంట్రోలు గదివైపు నడిచాను.